అరచేతికి కవచం: తోలు గ్లౌజుల చరిత్ర, మన రోడ్ల పాఠం



చెన్నైలో ఇంజనీరింగు చదువుతున్న నా మనవడు ఇటీవల ఫోన్ చేసి ఒక ప్రశ్న అడిగాడు. "తాతయ్యా, స్నేహితులతో కలిసి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద బండి నడపడానికి వెళ్తున్నాను. తోలు గ్లౌజులు తప్పనిసరి అంటున్నారు. అంత డబ్బు పెట్టి కొనాలా? చేతులకు ఏమవుతుంది?" సమాధానం ఫోనులో రెండు మాటల్లో చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న విన్నప్పుడు నాకు గుర్తుకు వచ్చింది చెన్నై ట్రాక్ కాదు. విజయనగరం జిల్లాలోని ఒక ప్రభుత్వాసుపత్రి, అందులో నా ఎదుట కూర్చున్న ఒక వడ్రంగి. అందుకే ఈ వ్యాసం. ఇది నా మనవడికి రాస్తున్నదే అయినా, ఇంట్లో మోటారు సైకిలు ఉన్న ప్రతి కుటుంబానికీ పనికివస్తుందని నా నమ్మకం.

ముందుగా ఆ వడ్రంగి సంగతి చెబుతాను. ముప్పై ఐదేళ్ల కిందటి మాట. శీతకాలం. రోడ్డు మీద రైతులు ఉలవకట్టె పరిచి ఉన్నారు. వచ్చే పోయే బండ్ల చక్రాల కింద నలిగి గింజ రాలాలని మన ప్రాంతంలో అలా పరచడం అలవాటు. ఆయన రాజ్‌దూత్ బండి ఆ కట్టె మీద జారింది. కుడి అరచెయ్యి నేలకు ఆనించి పడ్డాడు. అరచేతి మడమ దగ్గర చర్మం లేచిపోయింది, మణికట్టు వాచింది. ఎక్స్‌రే తీయించాను. విరుపు కనిపించలేదు. గాయం కడిగి కట్టు కట్టి, బెణుకు అని చెప్పి పంపించాను.

ఏడు నెలల తరువాత ఆయన మళ్లీ వచ్చాడు. "బాబూ, ఎముక ఇరగలేదన్నారు గదా. మరి చిత్రిక పడతంటే చెయ్యి నిలవట్లేదేటి?" అన్నాడు. మళ్లీ ఎక్స్‌రే తీశాము. మణికట్టులోని స్కాఫాయిడ్ ఎముక రెండు ముక్కలై, అతుక్కోకుండా ఉండిపోయింది. విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రికి పంపాను. శస్త్రచికిత్స జరిగింది. నొప్పి తగ్గింది గాని, ఉలి పట్టే బలం పూర్తిగా తిరిగి రాలేదు. తొలి ఎక్స్‌రేలో కనబడని విరుపు ఉండవచ్చునని నాకు తెలిసీ, రెండు వారాల తరువాత మళ్లీ రమ్మని గట్టిగా చెప్పకపోవడం నా పొరపాటు. ఆ పొరపాటు నేటికీ నన్ను వదలలేదు.

పడేటప్పుడు చెయ్యే ముందు

మనిషి పడబోతున్నప్పుడు చేతులు చాచడం ఆలోచించి చేసే పని కాదు. పసితనంలో నడక రాకముందే ఏర్పడి, జీవితాంతం నిలిచే అసంకల్పిత చర్య. "పడేటప్పుడు చేతులు ముడుచుకో" అని ఎంత బోధించినా సామాన్యుడికి సాధ్యం కాదు. కాబట్టి మోటారు సైకిలు ప్రమాదాలలో చాలాసార్లు నేలను మొదట తాకేది అరచెయ్యే.

పెద్దవాడి దేహంలో 206 ఎముకలుంటే, రెండు చేతుల మణికట్లు, అరచేతులు, వేళ్లలో కలిపి 54 ఉన్నాయి. అంటే నాలుగింట ఒక వంతుకు పైగా. వాటిలో స్కాఫాయిడ్ చిన్న దోనె ఆకారంలో ఉండే ఎముక. బొటనవేలిని వెనక్కు చాచినప్పుడు మణికట్టు దగ్గర ఒక చిన్న గుంట ఏర్పడుతుంది. వెనుకటి తరం వారు ముక్కుపొడుం వేసుకుని పీల్చిన గుంట అది. వైద్యశాస్త్రంలో కూడా దాని పేరు ముక్కుపొడుం డబ్బీయే. స్కాఫాయిడ్ దాని అడుగున ఉంటుంది. దీనికి రక్తం ఎక్కువ భాగం వేళ్ల వైపు కొస నుంచి వెనక్కు ప్రవహిస్తుంది. నడుమ విరిగితే మోచేతి వైపు ముక్కకు రక్తం అందక, ఎముక అతుక్కోకపోవడమో చచ్చిపోవడమో జరుగుతుంది.

ఇక చర్మం. అరచేతి పైపొర ఒంటి మీద మిగతా చోట్ల కంటే మందమైనదే అయినా, దాని మందం ఒక మిల్లీమీటరుకు అటూఇటూ. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న మనిషి బండి నుంచి జారిపడితే, పొడి తారురోడ్డు మీద ఆగేలోపు సుమారు 20 నుంచి 25 మీటర్లు, దాదాపు మూడు సెకన్లు, రాచుకుంటూ పోతాడు. మన వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారు మోటారు కార్లను పట్టి ఆపేవారని ప్రసిద్ధి. అంతటి బలశాలికైనా అరచేతి చర్మం మందం మనకున్నంతే. కండబలం చర్మానికి కవచం కాదు.

చేతితొడుగు పాతదే

చేతికి తోలు తొడగడం పాశ్చాత్యుల నుంచి వచ్చిన ఫ్యాషన్ అని కొందరనుకుంటారు. రామాయణంలో విశ్వామిత్రుని వెంట బయలుదేరిన రామలక్ష్మణులు గోధాంగుళిత్రాణాలు ధరించారని ఉంది. గోధ అంటే ఉడుము, అంగుళిత్రాణం అంటే వేళ్లను కాపాడేది. వింటినారి రాపిడి నుంచి వేళ్లను రక్షించే ఉడుముతోలు తొడుగు అన్నమాట. రాపిడి ఉన్నచోట చర్మానికి మరొక చర్మం అడ్డుపెట్టాలన్న తెలివి మన పూర్వులకు ఉంది.

పలాస జీడిపప్పు కార్ఖానాలకు వెళ్లి చూసినవారికి ఇది వేరే విధంగా తెలుస్తుంది. జీడిగింజ పెంకులోని రసం తగిలితే చేతులు పొక్కులెక్కుతాయి. పెంకు కొట్టే స్త్రీలు నూనెనో బూడిదనో చేతులకు పూసుకుని పని చేయడం తరతరాల అలవాటు. చేతిని కాపాడుకోవాలన్న ఆలోచన పుస్తకాల్లోంచి కాక, పనిచేసే చేతి బాధలోంచే పుట్టింది. మా వైద్యవృత్తిలోనూ అంతే. 1889లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో కరొలైన్ హాంప్టన్ అనే నర్సు చేతులు క్రిమిసంహారక ద్రావణం వల్ల పుండ్లు పడితే, శస్త్రవైద్యుడు విలియం హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ కంపెనీ చేత ఆమె కోసం పలుచని రబ్బరు గ్లౌజులు చేయించాడు. రోగికి సూక్ష్మక్రిములు సోకకుండా వాటిని అందరూ తొడగడం ఆ తరువాతి సంగతి.

వైద్యులు రాసిన రక్షణ చరిత్ర

మోటారు సైకిలు పుట్టిన తొలి రోజుల్లో తోలు గ్లౌజులు ప్రధానంగా చలికీ గాలికీ వేసుకున్నవి. ప్రమాదం నుంచి కాపాడే దుస్తులు అన్న భావన పెరగడంలో వైద్యుల పాత్ర పెద్దది. ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ పందెపు బాటలో వైద్యాధికారిగా ఉన్న డాక్టర్ ఎరిక్ గార్డ్‌నర్ తలగాయాలు చూసి చూసి, గుడ్డ, లక్క కలిపిన టోపీ చేయించాడు. 1914లో ఐల్ ఆఫ్ మాన్ పందేలలో దానిని తప్పనిసరి చేశారు. 1935 మేలో లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపొందిన టి.ఇ. లారెన్స్ మోటారు సైకిలు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి ఆరు రోజుల తరువాత మరణించాడు. అతడిని చూసిన వైద్యులలో ఒకడైన నాడీశస్త్రవైద్యుడు హ్యూ కెయిర్న్స్ ఆ తరువాత సైనిక మోటారు సైకిలిస్టుల తలగాయాలను అధ్యయనం చేసి, హెల్మెట్ ప్రాముఖ్యంపై 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రకటించాడు. నేటి హెల్మెట్ చట్టాలకు పునాది వేసినవాటిలో అది ముఖ్యమైనది.

చేతుల వంతు ఆలస్యంగా వచ్చింది. 1950లో ఇంగ్లండు పందెగాడు జెఫ్ డ్యూక్ తన ఊరి దర్జీ చేత ఒంటికి అతికినట్లుండే ఒకే ముక్క తోలు సూటు కుట్టించుకున్నాడు. గాలిని చీల్చుకుని పోవడం అతని ఉద్దేశం. క్రమంగా ఆ తోలే పందెగాళ్లకు రక్షణ కవచమైంది. 1981లో అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో జరిగిన 900 ప్రమాదాలను ప్రమాద స్థలంలోనే పరిశీలించి నివేదిక ఇచ్చింది. దళసరి బూట్లు, జాకెట్, గ్లౌజులు చర్మం గీరుకుపోవడాన్ని, చీలికలను నివారిస్తాయి లేదా తగ్గిస్తాయి అని అందులో తేల్చారు.

2011లో ఆస్ట్రేలియా పరిశోధకురాలు లిజ్ డి రోమ్ బృందం ప్రమాదానికి గురైన 212 మందిని పరిశీలించింది. మోటారు సైకిలు గ్లౌజులు వేసుకున్నవారు ఆసుపత్రిలో చేరవలసిన అవసరం తక్కువగా కనబడింది. అదే అధ్యయనంలో ఇంకొక మాట కూడా ఉంది. ప్రమాదంలో నాలుగు గ్లౌజులలో ఒకటి చిరిగో, కుట్లు వీడో విఫలమైంది. గ్లౌజు వేసుకోవడం ఒక్కటే చాలదు, ఏ గ్లౌజు అన్నదీ ముఖ్యమే.

ఈ అవసరాన్ని గుర్తించి ఐరోపా దేశాలు ఇ.ఎన్. 13594 అనే ప్రమాణం ఏర్పరిచాయి. 2015లో దానిని సవరించారు. రాపిడి యంత్రం మీద అరచేతి భాగం మొదటి స్థాయికి 4 సెకన్లు, రెండవ స్థాయికి 8 సెకన్లు చిల్లు పడకుండా నిలవాలి. వేలి కణుపుల రక్షణ పరీక్షలో నెగ్గితే లేబుల్ మీద కె.పి. అనే అక్షరాలుంటాయి. ఫ్రాన్సు 2016 నవంబరు 20 నుంచి ద్విచక్ర మోటారు వాహనదారులకు గ్లౌజులు తప్పనిసరి చేసింది. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్ గురించి చెబుతుంది గాని, చేతుల గురించి చెప్పదు. కాబట్టి ఆ బాధ్యత మనదే.

తంగేడు నుంచి క్రోమియం దాకా

గ్లౌజుకు తోలే ఎందుకు? సమాధానం తోలు తయారీలో ఉంది. పచ్చితోలు తడిస్తే కుళ్లుతుంది, ఎండితే చెక్కవుతుంది. దానిలోని కొల్లాజెన్ పోగులను రసాయనికంగా బిగించి నిలిపి ఉంచడమే తోలు ఊనడం. పూర్వం మద్రాసు రాష్ట్రంలో తంగేడు పట్ట, కరక్కాయలతో ఊనిన తోలు ఈస్ట్ ఇండియా తోలు అనే పేరుతో సముద్రాలు దాటింది. మన బీళ్లలో విరగబూసే తంగేడు, సీతంపేట వైపు కొండల్లో గిరిజనులు ఏరే కరక్కాయ, ఈ రెండింటికీ ఆ చరిత్రలో స్థానముంది.

1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్ట్జ్ క్రోమియం లవణాలతో తోలు ఊనే పద్ధతికి పేటెంటు పొందాడు. వారాలు పట్టే పని రోజుల్లోకి వచ్చింది. ఈ విధంగా తయారైన తోలు మెత్తగా వంగుతుంది, చెమటకు తట్టుకుంటుంది, వేడికి త్వరగా ముడుచుకుపోదు. రోడ్డు మీద రాపిడిలో వేడి పుడుతుంది కనుక ఈ గుణం ముఖ్యం. చెన్నైలోని క్రోంపేటకు ఆ పేరు అక్కడి క్రోం తోలు కార్ఖానా వల్లనే వచ్చింది. 1948లో కేంద్ర తోలు పరిశోధనా సంస్థ కూడా ఆ నగరంలోనే ఏర్పడింది. ఇప్పుడు ఆంబూరు, రాణీపేట, కాన్పూరు, కోల్‌కతా తోలు పరిశ్రమకు పెద్ద కేంద్రాలు. మంచి తోలు మన దేశంలోనే తయారవుతున్నది కనుక, మంచి గ్లౌజు కోసం విదేశీ ధర పెట్టవలసిన పని లేదు.

నైలాను, పాలియెస్టరు దారాలు రాపిడి వేడికి కరుగుతాయి. చలికాలంలో బజారులో అమ్మే ఊలు గ్లౌజులలో చాలావరకు కృత్రిమ దారమే. అవి చలికి అడ్డం గాని తారురోడ్డుకు కాదు. కరిగిన దారం గాయంలో అతుక్కుంటే దానిని తీయడం రోగికీ వైద్యుడికీ కూడా శిక్షే.

మన రోడ్లు మారాయి, చేతులు మారలేదు

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మన జిల్లాల్లో బుల్లెట్, రాజ్‌దూత్, జావా బండ్లు ఊరికి ఒకటో రెండో ఉండేవి. 1985లో హీరోహోండా సి.డి. 100, యమహా ఆర్.ఎక్స్. 100 వచ్చాక మధ్యతరగతి ఇంటికి మోటారు సైకిలు చేరింది. తరువాత జాతీయ రహదారి నాలుగు వరుసలైంది. భోగాపురం నుంచి రణస్థలం, ఎచ్చెర్ల, నరసన్నపేట, టెక్కలి, పలాస మీదుగా ఇచ్ఛాపురం దాకా పూర్వం ఎద్దుబండి నడిచిన దారిలో ఇప్పుడు బండి 80 కిలోమీటర్ల వేగాన్ని సులభంగా అందుకుంటుంది. వేగం రెట్టింపైతే రాచుకుపోయే దూరం నాలుగు రెట్లవుతుంది. రోడ్డు మీద ఉలవకట్టె, గోగుకట్టె, గేదెలు, సర్వీసు రోడ్డు నుంచి ఎదురుగా వచ్చే ఆటో మాత్రం అలాగే ఉన్నాయి. సాలూరు ఘాటు మలుపుల్లో వానాకాలపు ఇసుక కూడా అలాగే ఉంది.

పందెపు బాట మనకు దూరమనుకోనక్కరలేదు. ఇచ్ఛాపురం మీదుగా పోయే ఈ కలకత్తా–మద్రాసు రహదారి చివర, మద్రాసుకు కొద్ది దూరంలోనే షోలవరం ఉంది. యుద్ధకాలపు విమానాశ్రయపు బాట మీద అక్కడ దశాబ్దాలపాటు మోటారు పందేలు జరిగాయి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ప్రారంభమైంది. మన పిల్లలు వెళ్లేది అక్కడికే.

ఎలా ఎంచుకోవాలి?

రోజూ రోడ్డు మీద తిరిగేవారికి నా సూచనలు ఇవి.

మొదటిది, తోలు అసలుదా అన్నది. రెక్సిన్‌కు వెనుక వైపు అల్లిన గుడ్డ ఉంటుంది, తోలుకు నూగు ఉంటుంది. మేకతోలు పలుచగా ఉన్నా బలమైనది, వేళ్లకు పట్టు బాగా తెలుస్తుంది. ఆవు, గేదె తోళ్లు మందం. పైపొర తీసివేసిన చీల్పు తోలు చవకే గాని బలం తక్కువ.

రెండవది, అరచేతి మడమ. అక్కడ రెండవ పొర తోలు గాని, నున్నని గట్టి ప్లాస్టిక్ బిళ్ల గాని ఉండాలి. పడినప్పుడు చెయ్యి నేలకు పట్టుకుని ఆగిపోకుండా జారిపోవడానికే ఆ బిళ్ల. చెయ్యి ఆగి, ఒంటి బరువు దాని మీదికి వస్తేనే మణికట్టు విరుగుతుంది. అయితే గ్లౌజు చర్మాన్ని కాపాడినంత ఖాయంగా ఎముకను కాపాడుతుందని నేను చెప్పలేను. ఆ దెబ్బ తీవ్రతను తగ్గించే అవకాశం ఉందని మాత్రమే చెప్పగలను.

మూడవది, మణికట్టు పట్టీ. ఇది అన్నిటికంటే ముఖ్యం, దుకాణంలోనే పరీక్షించవచ్చు. పట్టీ బిగించి, ఎదుటివారిని వేళ్ల కొసలు పట్టుకుని గట్టిగా లాగమనండి. గ్లౌజు ఊడివస్తే దాని ధర ఎంతైనా కొనవద్దు. రోడ్డు కూడా అలాగే లాగుతుంది.

నాలుగవది, కొలత. పిడికిలి బిగించినప్పుడు వేళ్ల మధ్య కుట్టు నొక్కకూడదు, వేలి కొసన ఖాళీ మిగలకూడదు. బ్రేకు, క్లచ్ స్పష్టంగా తెలియాలి. వేళ్లు తెరిచి ఉన్న సగం గ్లౌజు, తాపీపని గ్లౌజు ఇందుకు పనికిరావు.

ట్రాక్ మీదికి వెళ్లేవారికి ఇది చాలదు. జాకెట్ చేతిని కప్పుతూ మణికట్టు దాటి పైకి వచ్చే పొడవు గ్లౌజు, రెండు చోట్ల పట్టీలు, కణుపుల మీద గట్టి కవచం, అరచేతిలో బిళ్ల, చిటికెనవేలు మెలితిరగకుండా ఉంగరపువేలితో కలిపే తోలు వంతెన ఉండాలి. అటువంటి గ్లౌజుతో మన మేనెల ఎండలో బజారుకు వెళ్లమంటే ఎవరూ వెళ్లరు. రోడ్డుకు చిల్లుల తోలుతో పొట్టి గ్లౌజు, ట్రాక్‌కు పొడవు గ్లౌజు అని విడదీసుకోవడమే మంచిది. తీసి పెట్టెలో దాచిన ఖరీదైన గ్లౌజు కంటే, రోజూ వేసుకునే సాదా తోలు గ్లౌజు మేలు.

ధర మాటకు వస్తే, రోడ్డుకు తగిన గ్లౌజులు మన దేశపు తయారీలో రెండు నుంచి నాలుగు వేల రూపాయల మధ్య దొరుకుతాయి. డబ్బు పరిమితమైతే అలంకారాలు, సెల్‌ఫోన్ తెరపై పనిచేసే వేలికొసలు వదులుకోండి. అరచేతి పొర, పట్టీ, కుట్టు వదులుకోవద్దు.

వాడకం, ప్రథమ చికిత్స

మన తీరప్రాంతపు ఉక్కలో తోలుకు బూజు పడుతుంది. వాడిన తరువాత నీడలో ఆరబెట్టండి. ఎండలో, పొయ్యి దగ్గర ఆరబెడితే తోలు బిరుసెక్కి పగులుతుంది. మధుమేహం ఉన్నవారు వేళ్ల సందుల్లో తడి లేకుండా చూసుకోవాలి. కొందరికి తోలులోని క్రోమియం పడక దురద, పొక్కులు వస్తాయి. ఐరోపాలో 2015 నుంచి చర్మానికి తగిలే తోలులో హానికరమైన క్రోమియం కిలోకు 3 మిల్లీగ్రాములకు మించరాదని నిబంధన ఉంది. దద్దుర్లు వస్తే లోపల పలుచని నూలు గ్లౌజు వేసుకోండి, తగ్గకపోతే చర్మవైద్యుడిని కలవండి.

పడినప్పుడు గాయాన్ని ధారగా పడే మంచినీటితో, సబ్బుతో కడగండి. కాఫీపొడి, పెట్రోలు, బూడిద పెట్టకండి. వాపు రాకముందే ఉంగరాలు తీసివేయండి. ధనుర్వాతం టీకా సంగతి వైద్యుడిని అడగండి. ముక్కుపొడుం గుంటలో నొక్కితే నొప్పి ఉంటే, తొలి ఎక్స్‌రే బాగున్నా అది విరుపేనన్నట్లు పట్టీ వేయించుకుని, 10 నుంచి 14 రోజుల తరువాత మళ్లీ ఎక్స్‌రే తీయించుకోండి. నాటు కట్టుకు వెళ్లి ఆ రెండు వారాలు పోగొట్టుకోకండి. వైద్యుడు మళ్లీ రమ్మనకపోతే మీరే అడగండి. ఆనాడు ఆ వడ్రంగికి నేను చెప్పవలసి ఉండి చెప్పని మాట ఇదే.

నా మనవడికి డబ్బు పంపించాను. ట్రాక్ గ్లౌజు కొనుక్కున్నాడు. వేళ్లు పట్టి గట్టిగా లాగి చూడమని వాడి స్నేహితుడికి కూడా ఫోనులో చెప్పాను. ఊడిరాలేదట. మీ ఇంట్లో బండి నడిపేవారి చేతులకు కూడా ఒకసారి ఆ పరీక్ష చేయించండి.